నిమ్మకాయ తొక్కిన స్టాక్‌హోం బస్సు

ఒక దేశం మొత్తం ఒకే పొద్దున రోడ్డుకు ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారడం నేను కళ్ళారా చూశాను. ఈ మాట చెబితే బళ్ళారిలో మావాళ్ళు ఇప్పటికీ నమ్మరు. "పోవే, నీవన్నీ కోతలు" అంటారు. కోతలు కావు. 1967 సెప్టెంబరు నెల, మొదటి ఆదివారం, స్వీడన్ రాజధాని స్టాక్‌హోం. ఆ పొద్దున నేనక్కడే ఉన్నాను. ఉండటమే కాదు, ఆ మార్పులో నిమ్మకాయంత పాత్ర నాకూ ఉంది.

మాది బళ్ళారి సత్యనారాయణపేట. బజారులో నాన్నకు కిరాణా అంగడి ఉండేది. మిరియాలు, లవంగాలు, ఏలకుల వాసనల మధ్య పెరిగాను. పెళ్ళి కరెంటు ఇంజనీరుతో అయింది. ఆయన తుంగభద్ర ఆనకట్ట దగ్గర కరెంటు తీసే యంత్రాల మీద పని చేసేవారు. పెళ్ళయి ఏడాది కూడా నిండకముందే, ఆ యంత్రాల పని ఇంకా బాగా నేర్చుకు రమ్మని ఆయన్ని స్వీడన్‌కు పంపాలనుకున్నారు. నేను ఒకటే మాట చెప్పాను. "నన్ను పిల్చుకపోతేనే మీరు పోయేది. లేకుంటే ఇద్దరమూ ఈడనే ఉందాం." నా మొండితనం అటు పుట్టింటికీ ఇటు అత్తింటికీ బాగా తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా వాదన పెట్టుకోలేదు.

స్టాక్‌హోం నీళ్ళ మీద కట్టిన ఊరు. ఒక దీవి, ఒక వంతెన, మళ్ళీ దీవి. దక్షిణపు దీవిలో ఒక పాత మేడ మూడో అంతస్తులో మాకు ఒక గది దొరికింది. ఆ ఇల్లు ఒక ముసలావిడది. భర్త పోయాడు, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పుడు టోపీల అంగట్లో టోపీలు కుట్టేదట. తనను 'తాంత్' అని పిలవమంది. వాళ్ళ భాషలో అది అత్తనో పిన్నినో పిలిచినట్టు.

మొదటిరోజు ఆవిడ తలుపు తీయగానే నేను గడప మీదే ఆగిపోయాను. లోపల్నుంచి గుప్పున ఏలకుల వాసన! నాన్న అంగడి ఇంత దూరం ఎట్లా వచ్చిందబ్బా అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ తీపి బన్నులు కాలుస్తోంది. వాటి పిండిలో ఏలకులు దంచి వేయడం అక్కడి పద్ధతి. నేను చెప్పులు కూడా విప్పకుండా పెట్టె తెరిచి, నాన్న కట్టించి ఇచ్చిన ఏలకుల డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. తాంత్ ఒక కాయ గిల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా, ఆ పూటనుంచి మా స్నేహానికి ఏ అడ్డమూ లేకపోయింది.

ఆ బన్నులు ప్రతి ఆదివారం కాల్చేది. వాటిని తెల్లటి గుడ్డలో మూటగట్టుకుని, టోపీ పెట్టుకుని, తాంత్ వాళ్ళ అక్కను చూడబోయేది. అక్క వంతెన ఆవల ఇంకో దీవిలో, ముసలివాళ్ళను ఉంచే ఇంట్లో ఉండేది. ఆమెకు కాళ్ళు పడిపోయాయి, చూపు ఆనదు. ఆమెకు తాంత్ తప్ప, తాంత్‌కు ఆమె తప్ప ఇంకెవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళు కలిసి కాఫీ తాగాల్సిందే. వానగానీ మంచుగానీ ఆ కాఫీని ఆపలేదని తాంత్ చాలా గర్వంగా చెప్పేది. ఇంటి ముందు ట్రాము ఎక్కితే అక్క వాకిట్లో దిగవచ్చు.

అటువంటి సమయంలో వచ్చి పడింది ఈ కుడి పక్క గొడవ. స్వీడన్లో అప్పటిదాకా మనలాగే బండ్లు రోడ్డుకు ఎడమ పక్క నడిచేవి. చుట్టుపక్కల దేశాలన్నీ కుడి పక్క. అందుకని వీళ్ళూ మారిపోదామని తీర్మానించుకున్నారు. ఆ ఏడాది వేసవంతా ఊళ్ళో వేరే మాటే లేదు. రోడ్ల మీద కొత్త బోర్డులు పాతి, అప్పుడే ఎవరూ చూడకూడదన్నట్టు నల్లటి ముసుగులు తొడిగారు. కుడి పక్క తలుపులున్న కొత్త బస్సులు దిగాయి. పాల పొట్లాల మీద ఆ మార్పు గుర్తు, పేపర్లో ఆ గుర్తు, ఆఖరికి అంగట్లో మగవాళ్ళ చెడ్డీల మీద కూడా ఆ గుర్తే! నేను ఆ చెడ్డీ చూసి నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాను. మా ఆయన మాత్రం ఇంటికి రాగానే మొదలుపెట్టేవారు. "అబ్బా, ఎంత లెక్క ఉండాదో తెల్సా దీంట్లో! ఒక్క బోర్డు తప్పినా అంతా తలకిందులే." ఆయన ఉత్సాహం చూస్తుంటే నాకూ కాలు నిలిచేది కాదు. ఆ ఆదివారం ఎప్పుడొస్తుందా అని పండగకు ఎదురుచూసినట్టు చూశాను.

తాంత్‌కు మాత్రం ఒళ్ళు మండిపోయేది. "పన్నెండేళ్ళ కిందట మమ్మల్ని ఓటు అడిగారు. వద్దని చెప్పాం. నేనూ వద్దనే వేశాను. వద్దంటే ఇప్పుడు చేస్తున్నారు!" అని కాఫీ గిన్నె పొయ్యి మీద ఠపీమని పెట్టేది. మిమ్మల్ని అడిగారు కదా, రాష్ట్రం మార్చేటప్పుడు మా బళ్ళారి వాళ్ళను అది కూడా అడగలేదు అని నాలో నేను అనుకునేదాన్ని.

అసలు దెబ్బ ఏమిటంటే, ఈ మార్పుతో ఊళ్ళో ట్రాములు దాదాపు అన్నీ ఆపేస్తున్నారు. తాంత్ ట్రాము కూడా. దానికి బదులు బస్సు వస్తుంది. అక్క ఉన్న వైపు వెళ్ళే బస్సు ఇకమీద ఎదుటి పక్క ఆగుతుంది. అంటే తాంత్ ఆ పెద్ద రోడ్డును అడ్డంగా దాటాలి. పుట్టినప్పటినుంచీ రోడ్డు దగ్గర మొదట కుడి పక్క చూసి అడుగు వేసిన మనిషి, ఇప్పుడు మొదట ఎడమ పక్క చూడాలి. "నా మెడ మాట వినదు. లారీ కింద పడి చస్తాను" అనేది. నిజంగానే భయపడింది పాపం.

నాకు ఆ భయం మొదట అర్థమే కాలేదు. మా బళ్ళారి బజారులో బండి ఏ పక్కనుంచి వస్తుందో దాన్ని లాగే ఎద్దుకు కూడా తెలియదు. జట్కాలు, సైకిళ్ళు, గాడిదలు, మూటలు మోసే హమాలీలు, అన్నీ అన్ని పక్కలా వస్తాయి. నాలుగు దిక్కులూ చూడటం, చెయ్యి అడ్డం పెట్టి "ఆగప్పా!" అని అరవటం, దాటేయడం. మాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. ఆ ఊళ్ళో ఈ మార్పుకు ఏ తయారీ అక్కరలేని మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను.

శనివారం ట్రాములకు చివరిరోజు. జనం పనిగట్టుకుని ఎక్కారు. కొందరు పూలు తెచ్చి కట్టారు. తాంత్‌తో కలిసి నేనూ ఎక్కాను. దిగాక ఆవిడ ఆ ట్రాము పక్కను, ఆవు ఒంటిని నిమిరినట్టు, చేత్తో ఒకసారి నిమిరింది. ఇంటికొచ్చి టోపీ తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. "ఇక ఆదివారాలు లేవు" అంది.

"మరి అక్క?"

"ఎవరితోనైనా చెప్పి పంపుతాను."

"బన్నులు?"

తాంత్ ఆ డబ్బా మూతను ఇంకాస్త గట్టిగా నొక్కింది. నాకు చర్రున కోపమొచ్చింది. అక్కడ ఒక ఆమె చూపు ఆనని కళ్ళతో వాకిలి వైపే చూస్తూ ఉంటే, ఇక్కడ ఈమె టోపీకి మూత పెట్టి కూర్చుంటుందా? కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. సగం ఇంగ్లీషులో, సగం చేతులతో, మా అవ్వ కథ చెప్పాను.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. 1953. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా పుట్టింది, అదే రోజు మా బళ్ళారి మైసూరులో కలిసింది. మేము ఎక్కడికీ కదల్లేదు, మా ఇల్లూ కదల్లేదు. పొద్దున లేచేసరికి రాష్ట్రం మారిపోయింది. ఒక వీధిలో టపాకాయలు కాల్చారు, ఇంకో వీధిలో తలుపులు మూసుకున్నారు. మా అవ్వకు, అంటే నాన్నవాళ్ళమ్మకు, ఒకటే దిగులు పట్టుకుంది. ఆమె కూతుర్ని, మా అత్తను, ఉరవకొండకు ఇచ్చారు. ఉరవకొండ అనంతపురం జిల్లా. అది ఆంధ్రలో ఉండిపోయింది.

"గేటు పెడతారంట కదప్పా? నా బిడ్డను చూడల్లంటే ఇంగ ఎవురిని అడగల్ల?" అంది అవ్వ.

"గేటూ లేదు, గీటూ లేదు. నువ్వు ఊరికే ఉండమ్మా" అన్నాడు నాన్న.

"నీకేం తెల్సు? నేనే పోయి చూసొస్తా."

వారం తిరక్కముందే నన్ను వెంటబెట్టుకుని, బొరుగుల మూట ఒకటి పట్టుకుని, ఉరవకొండ బస్సెక్కింది. బస్సు ఊరు దాటిందో లేదో కండక్టర్ని పీక్కుతినడం మొదలుపెట్టింది. "వచ్చినాదా? గడి వచ్చినాదా?" గడి అంటే మా వైపు సరిహద్దు. చివరికి ఆ కండక్టరు తట్టుకోలేక, రెండు పక్కలా జొన్నచేలు తప్ప ఏమీ లేని చోట బస్సు ఆపించాడు.

"దిగవ్వా. ఈ పక్క మైసూరు, ఆ పక్క ఆంధ్ర."

అవ్వ దిగి అటూ ఇటూ చూసింది. "యాడుండాదప్పా గీత? రెండు పక్కలా నల్లరేగడే కదా ఉండేది. జొన్న కూడా ఒగటే."

కండక్టరు నవ్వి, ఒక పుల్ల తీసి రోడ్డుకు అడ్డంగా మట్టిలో గీత గీశాడు. "ఇదో, నీకోసరం గీసినా. దాటు."

బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. అవ్వ చీర కొంచెం ఎత్తిపట్టి, కుడికాలు ముందు పెట్టి, గీత దాటింది. అందరూ పకపకా నవ్వారు. అవ్వ గిరుక్కున తిరిగింది. "నవ్వేదేంది? కొత్త రాజ్యం లేకి పోయేటప్పుడు కుడికాలు పెట్టొద్దా? కోడలు ఇంట్లేకి వచ్చినా అంతే కదా!"

ఇక్కడికి చెప్పేసరికి నా ఇంగ్లీషు అయిపోయింది. కథ ఇంకా ఉంది గానీ మాటలు లేవు. తాంత్ బల్ల మీద వేలితో అడ్డంగా ఒక గీత గీసింది. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. నేను మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను. రేపు ఆ బస్సు ఈవిడను క్షేమంగా అక్క దగ్గరికి చేర్చాలి. దానికి చేయాల్సింది నేను చేస్తాను.

ఆదివారం తెల్లవారుజామున మా ఆయనా నేనూ రోడ్డు మీదికి వచ్చేసరికి, తిరునాళ్ళే! పిల్లలు తండ్రుల భుజాల మీద, ముసలివాళ్ళు మడత కుర్చీల్లో, కొందరు ఫ్లాస్కుల్లో కాఫీతో. ముందురోజు నుంచే సొంత కార్లు రోడ్డెక్కకూడదని కట్టడి. బస్సులు, టాక్సీలు, పోలీసు బండ్లు మాత్రమే ఉన్నాయి. ఐదింటికి కాస్త ముందు అన్నీ ఆగాయి. తర్వాత, నడక నేర్చుకునే పిల్లల్లాగా మెల్లమెల్లగా, ఒక్కొక్కటే ఎడమ నుంచి కుడికి జరిగాయి. జరిగి మళ్ళీ ఆగాయి. ఐదు కొట్టేదాకా కదలకూడదు. అంత జనం ఉండి ఒక్కరూ గొంతెత్తలేదు.

తాంత్ ఎక్కాల్సిన బస్సు సరిగ్గా మా ఎదుటే ఆగింది. కొత్తది, తళతళలాడుతోంది. కొత్త బండి, కొత్త దారి, పైగా మొదటి అడుగు. నేను కొంగు ముడి విప్పి నిమ్మకాయ బయటికి తీశాను.

మా ఆయన ముఖం తెల్లబోయింది. "ఏమే, ఏం చేస్తాండావు? వద్దు! ఇది బళ్ళారి కాదే!"

"బండి యాడున్నా బండే. మీరు ఊరికే ఉండండి."

వంగి, నిమ్మకాయను ముందు చక్రం కింద పెట్టాను. అంతే, చేతికి పట్టీ కట్టుకున్న ఒక కాలేజీ అమ్మాయి, ఆ రోజు జనానికి దారి చూపడానికి నిలబెట్టిన వాళ్ళలో ఒకతె, పరుగెత్తుకొచ్చింది. వెనకే ఒక పోలీసు. చక్రం కింద ఏమి పెట్టావు అని ఇద్దరూ ఒకేసారి! ప్రభుత్వం ఏళ్ళ తరబడి లెక్కలు వేసి ఆపిన బస్సు కింద చీర కట్టుకున్న ఒక మనిషి ఏదో దూర్చితే వాళ్ళు మాత్రం ఏమనుకోవాలి? మా ఆయన చెమటలు కక్కుతూ చెప్పడం మొదలుపెట్టారు. మా దేశంలో కొత్త బండి కదిలేముందు చక్రాల కింద నిమ్మకాయ పెడతాం, దాన్ని తొక్కి పోతే ఏ కీడూ తగలదు, అంతకుమించి ఏమీ లేదు. పోలీసు వంగి చూశాడు. లేచి, మళ్ళీ వంగి చూశాడు. ఇంతలో డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి సంగతేమిటని అడిగాడు. ఆ అమ్మాయి వాళ్ళ భాషలో చెప్పింది. డ్రైవరు గడియారం చూసుకుని, నన్ను చూసి, టోపీ కొంచెం ఎత్తాడు. ఏదో అన్నాడు. ఉండనీ, ఈరోజు మంచిది ఏదైనా పనికొస్తుంది అన్నాడని తర్వాత ఆ అమ్మాయే చెప్పింది.

ఐదు కొట్టింది. పక్కన ఒకాయన తెచ్చుకున్న రేడియోలో ఎవరో గంభీరంగా ఒక మాట పలికారు. బస్సు కదిలింది. చక్రం కింద నిమ్మకాయ ఫట్‌మంది! రోడ్డంతా ఒక్కసారిగా కేకలు, చప్పట్లు, ఈలలు. అవి దేశం పక్క మారినందుకని నాకు తెలుసు. అయినా అందులో సగం నా నిమ్మకాయకే అనుకుని నేనూ ఎగిరి ఎగిరి చప్పట్లు కొట్టాను. మా ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆయన అట్లా నవ్వడం పెళ్ళయ్యాక నేను చూసింది అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి ఏలకుల వాసన! నా ప్రాణం లేచొచ్చింది. బన్నులు కాలాయి, గుడ్డలో మూట కూడా కట్టింది. టోపీ డబ్బా మాత్రం మూత వేసే ఉంది. మధ్యాహ్నమైంది. తాంత్ డబ్బా దగ్గరికి వెళ్ళడం, తిరిగి రావడం. నేను చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆదివారం రాహుకాలం నాలుగున్నరకు మొదలవుతుంది, ఆలోపల ఈవిడ కదిలితే బాగుండునని లోపల్లోపల తన్నుకులాడుతున్నాను. ఎంతసేపటికో టోపీ బయటికొచ్చింది.

తీరా మేము మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి మూడైంది. సొంత కార్ల మీద కట్టడి సరిగ్గా అప్పుడే ఎత్తేశారు. ఊళ్ళో కార్లున్న వాళ్ళంతా కొత్త పక్క ఎట్లా ఉంటుందో చూద్దామని ఒకేసారి బయటపడ్డారు. ఎటు చూసినా కార్లే. తాంత్ రోడ్డు అంచున బిగుసుకుపోయింది. మూటను గుండెకు హత్తుకుంది. మెడ కుడికి తిరుగుతోంది, వెంటనే ఎడమకు, మళ్ళీ కుడికి. పట్టీ కట్టుకున్న ఒక అబ్బాయి వచ్చి చెయ్యి అందించాడు. పట్టుకోలేదు. ఇక వెనక్కి తిరిగి పోతుందని నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడు అడిగింది, చాలా మెల్లగా. "మీ అవ్వ ఏ కాలు పెట్టింది?"

నా కుడికాలు ముందుకు పెట్టి చూపించాను. తాంత్ కోటు అంచు కొంచెం ఎత్తిపట్టుకుంది. అవ్వ చీర పట్టుకున్నట్టే. కుడికాలు రోడ్డు మీద పెట్టింది. ఇక నేను ఆగలేదు. ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి బళ్ళారి బజారులో ఎత్తినట్టు ఎత్తి, "ఆగప్పా! ఆగు!" అని గొంతు చించుకుని అరిచాను. తెలుగులోనే! ఆగాయి. ఆ కార్లు నేను అరవకున్నా ఆగేవే, అక్కడి జనం అంత నెమ్మదస్తులు. కానీ అరవడంలో ఉన్న ధైర్యం వేరు. నడిరోడ్డులో తాంత్ కూడా బన్నుల మూట ఉన్న చెయ్యి ఎత్తింది. చిన్నపిల్లలాగా నవ్వుతోంది. ఆవలి పక్క చేరేసరికి ఇద్దరికీ ఆయాసం.

బస్సు వచ్చింది. ఎక్కేముందు ముందు చక్రం చూశాను. నిమ్మకాయ ఆనవాలేమీ లేదు. అయినా అదే బస్సని గట్టిగా నమ్మాను.

అక్క గదిలో కిటికీ పక్కన మంచం. ఆమెకు ఎవరో తల దువ్వారు. బల్ల మీద రెండు కప్పులు పెట్టించుకుని, వాటి మీద చెయ్యి వేసుకుని ఉంది. మా అడుగుల చప్పుడుకు తల ఎత్తింది. తాంత్ టోపీ కూడా తీయలేదు. మూట మంచం మీద పెట్టి, రెండు చేతులతో అక్క ముఖం పట్టుకుని, బుగ్గలు, నుదురు, గడ్డం, అన్నీ తడిమి చూసింది. అక్క ఏదో అడిగింది. తాంత్ ఏదో చెప్పింది. ఆ భాషలో నాకు పట్టుమని పది మాటలు కూడా రావు. అయినా నాకు అంతా అర్థమైంది.

ఎందుకంటే తాంత్‌కు నేను చెప్పకుండా ఆపేసిన కథ ఇదే. ఆ రోజు ఉరవకొండలో అత్త తలుపు తీయగానే, అవ్వ కాళ్ళైనా కడుక్కోకుండా, రెండు చేతులతో అత్త ముఖం పట్టుకుని ఇట్లాగే తడిమి చూసింది. అత్త బిత్తరపోయింది.

"ఏం చూస్తాండావమ్మా?"

"ఏం లేదులే. అట్లనే ఉండావు."

నేను గోడ వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. వెనక అక్కాచెల్లెళ్ళు మూట విప్పుతున్నారు. గది నిండా ఏలకుల వాసన వచ్చింది. తాంత్ నాకోసం మూడో కప్పు అడిగి తెప్పించింది.